ఒక్క పొయ్యి చరగ

ఎళ్ల అమాస ఇంకా వారం పైన ఉండగానే హంపమ్మ నడుముకు పండగ మొదలయింది. తెల్లవారుజామున లేచి, చన్నీళ్లు నెత్తిన పోసుకుని, తడి తలకు తువ్వాలు చుట్టి పొయ్యి ముందు కూచుంటే, మళ్లీ లేచేసరికి నడుము తనది కానట్టు ఉండేది. గోడ పట్టుకుని లేచి, కాసేపు అలాగే నిలబడి, "అయ్యో నా తల్లీ" అని ఎవరినో పిలిచి అప్పుడు అడుగు వేసేది. ఆ తల్లి ఎవరో గానీ ఒక్కనాడూ పలికిన పాపాన పోలేదు.

రాయచూరు దగ్గరి చంద్రబండ దిక్కు రైతులకు ఎళ్ల అమాస పొలం పండగ. జొన్న పొట్ట మీద ఉండే రోజులు. పొలం నిండుచూలాలితో సమానం, ఆమె నోటికి రుచించేవన్నీ చేసి పెట్టాలంటారు. ఇంటిల్లిపాదీ వంటల గంప ఎత్తుకుని చేనికి పోతారు. చెట్టు కింద ఐదు రాళ్లకు సున్నం పూసి పాండవులని పూజ చేస్తారు. గంపలోని ప్రతి వంటా కొంచెం కొంచెం పళ్లెంలోకి తీసి కలిపి, చేను చుట్టూ తిరుగుతూ చల్లుతారు. దాన్నే చరగ అంటారు. నేల తిన్నాకే మనిషి తినాలి. చేనిలో పొయ్యి వెలిగించరు కాబట్టి అన్నీ ఇంటి దగ్గరే ముందుగా చేసుకుని పోవాల్సిందే. ఎన్నాళ్లయినా పాడవని కడక్ రొట్టెలతో మొదలుపెట్టి, పండగ పొద్దున కలిపే పెరుగన్నంతో ముగించేదాకా పెద్దకోడలికి ఊపిరాడదు.

ఆ ఇంటికి పెద్దకోడలు హంపమ్మే. గద్వాల దిక్కు నుంచి పెళ్లయి వచ్చిన ఏడే అత్త అయ్యమ్మ గంప ఆమె నెత్తిన పెట్టి, "ఇగ నీదే" అంది. అది మొదలు ఆమె మిరప కాయ ఏరింది, పత్తి తీసింది, పరాయి మళ్లలో నాట్లు వేసింది. ఏ పని మధ్యలో ఆగిపోయినా గంప మాత్రం ఆగలేదు. పిల్లలు కలగలేదు. మరిది బసన్న రాయచూరులో బస్సు కండక్టరుగా చేరినప్పుడు అతని భార్య సవితకు జబ్బు చేస్తే, వాళ్ల బిడ్డ నేత్రను నడక వచ్చేదాకా సాకింది హంపమ్మే. ఆ నేత్రకు పెళ్లయి, సింధూర అనే కూతురు పుట్టి, ఆ కూతురు ఇప్పుడు కన్నడ బడిలో పాటలు నేర్చుకుని హంపమ్మను "అజ్జీ" అని పిలుస్తోంది. ఏడాదిలో వాళ్లందరూ ఒకచోట చేరేది ఈ ఒక్క రోజే. ఆ రోజు కూడా లేకపోతే తనకంటూ ఎవరున్నారని హంపమ్మ భయం. ఎవరితోనూ అనలేదు కానీ అది గట్టి భయం.

ఆ భయానికి ఎరువు వేసింది అయ్యమ్మ. "ఎన్ని పొయ్యిల బువ్వ చరగల పడితే పొలం అన్ని ముక్కలైతది" అని ఆమె ఏటా చెప్పేది. పక్క చేని అన్నదమ్ములు ఒక ఏడు ఎవరి గంప వాళ్లు తెచ్చుకున్నారట, మరుసటి ఏడాదికి మధ్యలో గట్టు లేచిందట. గట్టు ముందు లేచిందో గంపలు ముందు వచ్చాయో ఎవరూ తేల్చలేదు. అత్త మాటకు సాక్ష్యం అడిగే కోడలు ఆ ఇంట్లో పుట్టలేదు మరి.

అందుకే నెల కిందట సవిత ఫోన్ చేసినప్పుడు హంపమ్మ గుండె జారిపోయింది.

"అక్కా, ఈసారి పాపకు, నీ మరిదికి నేనే డబ్బా కట్టుకొస్త. నీకెందుకు తక్లీఫ్?"

"తక్లీఫని నేనెన్నడన్న అన్ననా?"

"అనలేదక్కా. గని నీకు గూడ వయసైతుంది కద."

"డబ్బా గిబ్బా ఏం తేవద్దు. ఎవరికేం కావాల్నో చెప్పు, నేను జేస్త. అందరిది ఒకటే గంప."

సవిత మంచిదే. కానీ అంతకు కొద్ది రోజుల ముందే బసన్న ఫోన్ చేసి "అన్నా, పహాణి ఎవరి పేర్ల నడుస్తుంది?" అని హంపమ్మ మొగుడు జంబన్నను అడిగి ఉన్నాడు. ఎందుకో అతను చెప్పలేదు, జంబన్న అడగలేదు. పొలం కాగితం గురించి అడిగిన నోటి వెనకే డబ్బా మాట కూడా రావడంతో హంపమ్మ రెండింటినీ ముడివేసుకుని నిద్ర పాడుచేసుకుంది.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. వాళ్ల కాలంలో ఇంతమంది డాక్టర్లు లేరు గనక అక్కడితో ఆగారు. బసన్నకు మూత్రపిండాలు చెడి, ఉప్పు ముట్టొద్దన్నారు. పుంటికూర, అంటే గోంగూర కూడా వద్దన్నారు, అది లేకుండా ఆ ఇంట్లో ఏ పండగా జరిగి ఎరగదు. జంబన్నకు షుగర్. తనకు షుగర్ లేదని డాక్టరుకే నచ్చజెప్పి వచ్చిన ఘనుడు కనుక, అతని కంట పడకుండా తీపి దాచడం వేరే పని. అయ్యమ్మకు పళ్లు లేవు, ఆమెకు జొన్న గట్క మెత్తగా వండి పెరుగు పోయాలి. నేత్ర మొగుడు నిఖిలేశ్ ఈ ఏడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు, చద్ది అసలే వద్దు. వారం ముందు కాల్చిన రొట్టె చద్ది కాకపోతే మరేమిటని హంపమ్మకు అనుమానం వచ్చి అతన్నే అడిగింది. రెండు రోజులకు అతను ఫోన్ చేశాడు.

"అత్తమ్మా, మా గురుస్వామిని అడిగిన. తలకు స్నానం జేసి కాల్చిన రొట్టె, తడి లేకుంట ఎండితే చద్ది కాదంట."

"పోనీలే స్వామీ, మా రొట్టె పుణ్యం జేసుకుంది" అంది హంపమ్మ. మార్గశిరపు చలిలో ఆ పుణ్యం ఎవరి నెత్తిన పడుతుందో గురుస్వామికి తెలియదు.

వీటన్నిటికీ మించింది సింధూర సంగతి. ఆ పిల్లకు శేంగలు పడవు, పల్లీలన్నమాట. రెండేళ్ల కిందట ఒక పెళ్లిలో ఎవరో చేతిలో పెట్టిన శేంగ పట్టీ ముక్క కొరికి, పెదవులు ఉబ్బి, ఊపిరి ఈలలాగా వస్తుంటే, భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది హంపమ్మే. ఆ ఈల ఆమె చెవిలో నుంచి ఇంకా పోలేదు. రాయచూరు వంటలోంచి శేంగ తీసెయ్యడమంటే ఇంట్లోంచి దూలం తీసెయ్యడమే. రొట్టెలోకి శేంగ పొడి, గుత్తివంకాయలో శేంగ ముద్ద, తీపికి శేంగ హోళిగ, అన్నిటి కిందా శేంగ నూనె. అయినా తీసేసింది. శేంగ బస్తా పశువుల కొట్టంలో పెట్టించింది. పాత పెనానికి ఏళ్ల తరబడి శేంగ నూనె పట్టి ఉందని కొత్త పెనం తెప్పించింది. పొడికి పుట్నాలు, వంకాయలోకి నువ్వులు, ఎండుకొబ్బరి, హోళిగలోకి బెల్లం కలిపిన నువ్వులు. అదే వంకాయ ఉప్పుతో ఒకసారి, ఉప్పు లేకుండా ఒకసారి. స్వామి పుణ్యమా అని ఉల్లి లేకుండా అందరికీ.

"ఇంత పరేషాన్ ఎందుకే? సవిత తెచ్చుకుంటనన్నది కద" అన్నాడు జంబన్న ఒకనాడు, పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ.

"నువ్వు సుమ్మనె కూచో" అంది హంపమ్మ. సవిత డబ్బా తెస్తే ఏమవుతుందో చెప్పడానికి ఆమెకు ఓపిక లేదు. వేడి నీళ్లతో పిండి పిసికి, పీట మీద రొట్టె తట్టి, పెనం మీద వేసి, తడిగుడ్డతో తుడిచి, తిరగేసి, కాలిన రొట్టెను పొయ్యి అంచుకు నిలబెట్టి కరకరలాడేదాకా ఆరబెట్టడం. అరచేతులు ఎర్రబడి రాత్రిళ్లు మండేవి. తట్టీ తట్టీ కునుకు వచ్చి ఒకసారి చెయ్యి పెనానికి తగిలింది కూడా.

మిగిలింది నూనె. కొన్న నూనెను ఆమె నమ్మలేదు. పోయినేడు చేని అంచున వేసిన కుసుమలు సంచిలో ఉంటే, వాటిని ఎత్తుకుని ఊళ్లోని సూగప్ప గానుగకు పోయింది. సూగప్ప మంచి మనిషి, వాళ్ల చేని పక్కనే అతని చేను కూడా. నూనె ఆడించినప్పుడల్లా హంపమ్మ మర పక్కనే నిలబడి సంచి నోటి నుంచి డబ్బా అడుగుదాకా చూసేది. అపనమ్మకం కాదు, అలవాటు. ఆ రోజు పొద్దుటి నుంచి రొట్టెలు తట్టిన ఒళ్లు. సంచి అతని చేతికిచ్చి, బయట గోనెల మీద ఒక్క క్షణం కూచుందామనుకుంది. మర చప్పుడు జోలపాటలా ఉంది. కూచున్న మనిషి గోడకు ఒరిగిపోయింది.

"వదినా, అయింది. నూనె తీస్కపో" అని సూగప్ప లేపితే ఉలిక్కిపడి లేచింది. పది మంది తిరిగే చోట నోరు తెరుచుకుని నిద్రపోయానని సిగ్గుపడి, కొంగు సర్దుకుని, ఏమీ అడగకుండా డబ్బా ఎత్తుకుని వచ్చేసింది. ఇంటికొచ్చాక అంత మంచి నిద్ర ఈ మధ్య పట్టలేదని నవ్వుకుంది కూడా.

అమాస నాటికి గంప నిండింది. ఎవరి మూట ఏదో తెలియడానికి రంగురంగుల జాకెట్ గుడ్డలు కట్టింది. ఎర్రది మరిదిది, నల్లది స్వామిది, పచ్చది పాపది. బరువు చూసి జంబన్న ట్రాక్టరు మాట్లాడతానంటే ఆమె ఒప్పుకోలేదు. గంప నడిచే పోవాలి. ముందు గంపతో హంపమ్మ, వెనక నీళ్ల బిందెతో జంబన్న, అతని వెనక కర్ర పోటు వేసుకుంటూ అయ్యమ్మ. రాయచూరు వాళ్లు కారులో నేరుగా చేనికే వచ్చారు. బసన్న బాగా చిక్కిపోయి, దిగడానికి కూతురి భుజం పట్టుకున్నాడు. అది చూసి హంపమ్మకు వారం రోజుల విసుగూ ఒక్కసారి కరిగి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం మరిదీ, గిట్లయినవ్?"

"నీ చేతి ఉప్పు లేక వదినా" అని నవ్వాడు బసన్న.

తుమ్మచెట్టు కింద పాండవులకు పూజ అయింది. నిఖిలేశ్ శరణుఘోష చెప్పాడు, పాండవులు కాదనలేదు. హంపమ్మ దుప్పటి పరిచి మూటలు విప్పుతూ, చరగ పళ్లెంలోకి ఒక్కొక్కటీ కొంచెం తీయడం మొదలుపెట్టింది. పూజ అయిందని చూసి పక్క చేని నుంచి సూగప్ప గట్టు దాటి వచ్చాడు. చేనిలో తినేటప్పుడు పక్క రైతును పిలవడం మర్యాద, పిలవకముందే రావడం చనువు. వచ్చి ఆమె పక్కన గొంతుక్కూచుని, వంకాయ మీద తేలుతున్న నూనెను చూసి మురిసిపోయాడు.

"చూసినవా వదినా, ఎంత మంచిగ దిగిందో! కుసుమ ఒట్టిగ ఏస్తే మర పట్టదు. ముందుగాల నాలుగు దోసిళ్ల మా శేంగలు ఏసి మర వేడి జేసిన. నువ్వు పండుకున్నవ్ కద, ఎందుకు లేపాలని."

హంపమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. సూగప్ప చేసిన దాంట్లో తప్పేమీ లేదు. కుసుమ ఆడించినప్పుడల్లా అతను చేసేది అదే. పక్కన నిలబడి ఉంటే వద్దనేది. నిలబడలేదు.

ఎవరూ వినలేదు. జంబన్న బిందె దగ్గర ఉన్నాడు, సవిత చరగ నీళ్లు చిలకరించడానికి మామిడాకులు కడుగుతోంది. నాలుగు దోసిళ్లే కదా, ఆ తర్వాత సంచెడు కుసుమలు దాన్ని కడిగేసి ఉంటాయి కదా అని ఒక ఆలోచన వచ్చింది. అప్పుడే సింధూర వచ్చి ఆమె వీపు మీద వాలి, "అజ్జీ, హసివు" అంది. ఆకలి అని. ఆ చిన్న గడ్డం భుజానికి తగలగానే, అలాంటి ఆలోచన వచ్చినందుకు హంపమ్మకు తన మీద తనకే రోత పుట్టింది. పచ్చ గుడ్డ మూట తీసి దూరంగా పెట్టింది.

"సవితా, పాపకు ఏమన్న తెచ్చినవా?"

"లేదక్కా, నువ్వు వద్దన్నవ్ కద."

"నిజం చెప్పు తల్లీ. తెచ్చి ఉంటే నీ కాళ్లు మొక్కుత."

సవిత బిత్తరపోయి మొగుడి వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది. "కార్ల సీటు కింద ఉందక్కా. పెసరపప్పు బువ్వ. నీ మీద నమ్మకం లేక గాదు, ఎందుకైనా మంచిదని. నీకు కష్టమైతదని బయటికి తీయలే."

"తే" అని, హంపమ్మ అందరూ వినేలా చెప్పింది. "నా నూనెల శేంగలు కలిసినయి. గానుగ కాడ నిద్రపోయిన, చూసుకోలేదు. నేను జేసింది ఏదీ పాప ముట్టొద్దు. మీరంత తినొచ్చు." ఇంతమంది ముందు తప్పు ఒప్పుకోవడం చాలా కష్టమనుకుంది గానీ, అలసిపోయిన మనిషికి అది కూడా పెద్ద బరువనిపించలేదు.

నేత్ర పరుగున వచ్చి కూతురిని ఒళ్లోకి లాక్కుంది. పెద్దమ్మను ఒక్క మాట అనలేదు. సూగప్ప ముఖం మాడిపోయి "నాకు తెల్వదు వదినా, నాకు తెల్వదు" అంటూ ఉండిపోయాడు. సవిత డబ్బా తెచ్చింది. అప్పుడు లేచింది అయ్యమ్మ గొంతు.

"చరగల పడని బువ్వ చేన్ల తినొద్దు. అది పడితే రెండు పొయ్యిలైతయి. ఏం జేస్తరో చూసుకోండ్రి."

జంబన్న తెలివైన దారి ఒకటి కనిపెట్టాడు. "దానికేముంది? పాపను కార్ల కూచోబెట్టి తినిపియ్యండ్రి. కారు బాట మీద ఉంది, చేన్ల గాదు కద."

అందరికీ ఆ మాట బాగుందనిపించింది. సవిత కూడా "అవునక్కా, గట్లనే కానీ, నువ్వు రంధి పెట్టుకోకు" అంది. గంప నిలబడుతుంది, పొలం నిలబడుతుంది, అయ్యమ్మ మాట నిలబడుతుంది. చిన్నపిల్ల ఒక్కతి అద్దాల వెనక కూచుని వీళ్లు తింటుంటే చూస్తూ తింటుంది, అంతే. సింధూర అప్పటికే లేచి, తను ఏదో తప్పు చేసినట్టు చెప్పులు వేసుకుంటోంది.

"చెప్పులు ఇడువు బిడ్డా" అంది హంపమ్మ.

సవిత చేతిలోంచి డబ్బా తీసుకుని, మూత తీసి, చెయ్యి లోపల పెట్టకుండా వంచి, పెసరపప్పు అన్నం పిడికెడంత చరగ పళ్లెంలో వేసింది. తన రొట్టెల ముక్కలతో, వంకాయతో, పుంటికూరతో కలిపి పిసికింది.

"రెండు పొయ్యిలు పడ్డయి" అంది అయ్యమ్మ. ఆమె గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది. "ఇగ పొలం రెండైనట్టే. నీ చేతుల్తోనే జేసినవ్."

"అయితే కానియ్యి అత్తా." హంపమ్మ తల ఎత్తలేదు. "ఒక్క పొయ్యి మీద ఇందరి నోర్లు నాతోని అయితలేదు. నా చేతులు చూడు. ఇగ అయితలేదు."

ఏడుస్తుందేమో అనుకున్నారు. ఏడవలేదు. "అట్లేం గాదు వదినా, పొలం ఎక్కడికి పోతది" అని బసన్న అంటాడని ఆమె ఒక్క క్షణం ఎదురుచూసింది. అతను తల వంచుకుని మట్టి పెళ్ల ఒకటి తీసి వేళ్లతో పొడి చేస్తూ కూచున్నాడు. అప్పుడు తెలిసింది ఆమెకు, పహాణి మాట ఉత్తదే కాదని. తను వారం రోజులు చన్నీళ్లు పోసుకుని కాపాడుతున్న దాని సంగతి ఎవరి మనసులోనో ఎప్పుడో తేలిపోయి ఉంది. రొట్టెలతో ఆగేది కాదది.

జంబన్న తల్లి వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. చివరికి పళ్లెం తీసుకుని చేనిలోకి దిగాడు. "పొలీ... పొలీ..." అంటూ చల్లుకుంటూ పోయాడు. వెనకాల నిఖిలేశ్ నీళ్లు చిలకరించుకుంటూ నడిచాడు. జొన్న కర్రల మీద రెండు ఇళ్ల మెతుకులు పడ్డాయి. పిట్టలు దిగాయి.

చరగ తిరిగి వచ్చాక అందరూ కూచున్నారు. ఏటా హంపమ్మ కొంగు బిగించి వడ్డించేది, అందరూ చేతులు కడిగాక గంప అడుగున మిగిలింది తినేది. ఈసారి సవిత ఆమె చేతిలోని గరిటె తీసుకుని "నువ్వు కూచో అక్కా" అంది. హంపమ్మ కాదనకుండా కూచుంది. సింధూర తన డబ్బా పట్టుకుని వచ్చి ఆమెను ఆనుకుని తింటోంది. హంపమ్మ తన రొట్టె విరిచి వంకాయలో అద్దుకుంది. బాగానే ఉంది. ఆకలి చావకముందే, అందరితో కలిసి తన వంట తను తిని ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. గుండెలో ఏదో ఖాళీగా ఉంది, నడుము మాత్రం తేలిగ్గా ఉంది. ఆ రెండూ ఒక్కసారే ఎలా ఉన్నాయో ఆమెకు అర్థం కాలేదు.

వరసలో చివరన కూచున్న జంబన్నకు పొరబోయింది.

"హంపీ, నీళ్లు" అన్నాడు.

బిందె ఆమెకే దగ్గరగా ఉంది. హంపమ్మకు వినపడింది. ఇంకో ముక్క విరుచుకుంది. లేవలేదు.